అచ్చుకు వెళ్లే ముందు మన ఫైలు

పెద్దలకు, ప్రెస్సులు నడుపుతున్న అన్నలకు, కడపలో డిజైన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

అచ్చు ఫైలు గురించి మాట్లాడేవాళ్లు మామూలుగా రంగులతో మొదలుపెడతారు. నేను అక్షరంతో మొదలుపెడతాను. శుభలేఖలో రంగు కాస్త తేలిపోతే పెళ్లివారు సర్దుకుంటారు. పెళ్లికొడుకు పేరులో వత్తు ఎగిరిపోతే సర్దుకోరు, సర్దుకోవాల్సిన పనీ లేదు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాల పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించిన ఊరు ఇది. ఇక్కడ తప్పు అక్షరంతో కరపత్రం బయటికొస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తెలుగు ఎక్కడ చెడుతుందో చూడండి. డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు వాటిలో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో టైపు చేసిన మ్యాటర్ పేజ్‌మేకర్‌కు అసలు ఎక్కదు. ఇన్‌డిజైన్‌లో మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు వాడేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. అందుకే ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే ఫైల్లోనే కలిపేసిన, పీడీఎఫ్ ఇవ్వండి. కోరల్‌డ్రాలో చేసిన కార్డయితే అక్షరాలను కర్వ్స్‌గా మార్చి ఇవ్వండి. కర్వ్స్ చేశాక అక్షరం ఉత్త బొమ్మ, ఇక దిద్దలేం. కాబట్టి దిద్దడానికి వీలైన అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోవాలి. చివరి ప్రూఫు మాత్రం పీడీఎఫ్‌లోనే చదవండి. మార్చేటప్పుడు చెడినవి మీరు టైపు చేసిన ఫైల్లో కనబడవు.

మన కడప పెద్ద దర్గా ఉరుసుకు పోస్టరు చేసేటప్పుడు ఉర్దూ కూడా వస్తుంది. కుడి నుంచి ఎడమకు రాసే లిపి అది. పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరుసలో పడతాయి. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు చూపించకుండా దాన్ని ప్లేటుకు పంపొద్దు. అది ఎదుటివాళ్ల భాషకు మనమిచ్చే మర్యాద.

అక్షరం తర్వాత నలుపు. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే నూరు శాతం పెట్టండి, మిగతా మూడు అచ్చు రంగులూ (సయాన్ నీలం, మజెంటా ఎరుపు, పసుపు) సున్నా. ఈ నాలుగు రంగుల పద్ధతినే సీఎంవైకే అంటారు. తెర మీది ఆర్‌జీబీ నలుపును ఫొటోషాప్‌లో మామూలు సెట్టింగులతో సీఎంవైకేకి మారిస్తే 75, 68, 67, 90 చొప్పున నాలుగు రంగులూ వచ్చి కూర్చుంటాయి. మొత్తం 300 శాతం సిరా! ఆఫ్‌సెట్ మెషీన్లో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది, వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా మన వత్తుల చుట్టూ ఎర్రటి, నీలపు నీడలు తేలతాయి. చదివేవాళ్ల కళ్లు లాగుతాయి.

మిగతా రంగుల సంగతి త్వరగా చెప్తాను. తెర మీద మెరిసే చిలకపచ్చ, కరెంటు నీలం నాలుగు రంగుల అచ్చులో ఆ మెరుపుతో రావు. కస్టమర్‌కు ఆ మాట ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు. పసుపు రంగు శుభలేఖ కాగితం మీద ఆఫ్‌సెట్‌లో తెల్ల అక్షరం రాదు. తెలుపంటే అక్కడ సిరా లేని చోటు, అంటే కాగితం పసుపే కనబడుతుంది. తెలుపే కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్‌కు వెళ్లాలి.

ఫొటోలకు అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. ఏ4 పేజీ నిండా రావాలంటే 2480 బై 3508. వాట్సాప్‌లో 1080 పిక్సెళ్ల వెడల్పుతో వచ్చిన ఫొటో మూడున్నర అంగుళాలు దాటితే మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, లేదా చిన్నగా వాడండి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఇంత అవసరం లేదు, 72 నుంచి 100 సరిపోతుంది.

పేజీ అంచు దాకా రంగు ఉంటే ఆ రంగును చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్ గీత బయటికి పొడిగించండి, దాన్నే బ్లీడ్ అంటారు. కటింగ్ బ్లేడు ప్రతిసారీ గీత మీదే పడదు. పేర్లు, ఫోన్ నంబర్లు అంచుకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉంచండి.

కథల పుస్తకాలు, కవితా సంపుటాలు వేసుకునేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్లకొక మాట. పుస్తకం వీపు ఎంత మందమో మీ అంతట మీరు ఊహించి అట్ట చేయొద్దు. అది పేజీల సంఖ్యను బట్టే కాదు, కాగితాన్ని బట్టి కూడా మారుతుంది. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మ్యాప్‌లిథో కాగితంలో కూడా కంపెనీని బట్టి మందం తేడా వస్తుంది. ప్రెస్సువాళ్లను అదే కాగితంతో ఉత్త పేజీల డమ్మీ కట్టివ్వమని అడిగి, దాన్ని కొలిచాకే అట్ట మొదలుపెట్టండి.

ఇప్పుడు మీరు పెన్‌డ్రైవ్‌లలో తెచ్చిన ఫైళ్లు తెరుద్దాం. ముందు శుభలేఖలు ఇవ్వండి, వాటికి ముహూర్తం ఆగదు.