క్లచ్‌ను చంపింది బ్యాటరీ కాదు

హోస్ట్: మైకు ఆన్ చేయకముందు ఒక మాటన్నారన్నా. అదే మళ్ళీ అనండి.

గెస్ట్: మాన్యువల్ గేరును చంపింది ఎలక్ట్రిక్ కారు కాదన్నాను. అది వచ్చేసరికే రోగి మంచం పట్టాడు.

హోస్ట్: మంచం పట్టించిందెవరు?

గెస్ట్: డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, అంటే రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్. 2003లో ఫోక్స్‌వ్యాగన్ దాన్ని గోల్ఫ్ ఆర్32 కారులో పెట్టింది. ఒక క్లచ్ మూడో గేరును నడిపిస్తుంటే, రెండోది నాలుగో గేరు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా అంత త్వరగా మార్చలేడు. అంతవరకూ ‘మాన్యువలే ఫాస్ట్’ అని గొంతు చించుకున్నాం కదా, అక్కడితో నోరు మూతపడింది.

హోస్ట్: ఇష్టం మాత్రం పోలేదుగా.

గెస్ట్: పోర్షే కథే చూడు. 2013లో తమ స్పోర్ట్స్ కారు 911 జీటీ3ని ఆటోమేటిక్‌తో మాత్రమే తెచ్చారు. ట్రాక్ మీద అదే ఫాస్ట్, లెక్క సరైనదే. అభిమానులు మూతి ముడుచుకున్నారు. 2016లో 911 ఆర్ పేరుతో మాన్యువల్ కార్లు 991 మాత్రమే చేస్తే వాటికోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాదే జీటీ3లోకి మూడో పెడల్, అదే క్లచ్, తిరిగొచ్చింది.

హోస్ట్: పోర్షే కొనేవాళ్ళ సంగతి సరే. (నవ్వు) ఎలక్ట్రిక్‌లో అసలు గేర్లెందుకు పెట్టరు?

గెస్ట్: అవసరం లేక. పెట్రోల్ ఇంజిన్ ఐడిల్ కన్నా కిందికి పడితే ఆగిపోతుంది, మామూలు కార్లలో ఓ ఆరేడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే ఊపిరాడదు. ఆ ఇరుకులో ఉంచడానికే గేర్లు. ఎలక్ట్రిక్ మోటారుకి సున్నా నుంచే టార్క్, అంటే తిప్పే బలం, ఉంటుంది, 15,000 ఆర్‌పీఎం దాటి తిరిగేవీ ఉన్నాయి. ఒక్క గేరు చాలు. పోర్షే వాళ్ళ ఎలక్ట్రిక్ కారు టైకాన్‌కి వెనక రెండున్నాయి, అవీ తనే మార్చుకుంటుంది.

హోస్ట్: హ్యుందాయ్ ఎలక్ట్రిక్ కారు అయానిక్ 5 ఎన్ మాత్రం లేని గేర్లు ఉన్నట్టు నటిస్తుంది. ఇదేం పిచ్చి అనుకున్నాను.

గెస్ట్: నేనూ అనుకున్నా. ఉత్తుత్తి గేర్లు 8, స్పీకర్లలో ఇంజిన్ చప్పుడు. స్టీరింగ్ వెనక ఉండే ప్యాడిల్ నొక్కగానే టార్క్ ఒక్క క్షణం తగ్గి చిన్న కుదుపు. పై గేరు వెయ్యడం మర్చిపోయావా, ఇంజిన్‌ని హద్దు దాటనివ్వని లిమిటర్‌కి తగిలినట్టే కొట్టుకుంటుంది. నాటకమే, కాదనను. కానీ మలుపు దగ్గరికొస్తూ ఎంత స్పీడులో ఉన్నావో మీటర్ చూడకుండానే చెవికి తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్‌లో నాకు లోటుగా అనిపించేది అదే.

హోస్ట్: అంటే మీకు కావలసింది గేరు రాడ్ కాదు.

గెస్ట్: అదీ కావాలి! కింది గేరు వేసేటప్పుడు అదే కుడి పాదంతో బ్రేక్ తొక్కుతూ యాక్సిలరేటర్‌ని కూడా తట్టాలి, హీల్ అండ్ టో. నాకు కుదరడానికి నెలలు పట్టింది. కుదిరిన రోజు ఇంట్లో చెబితే ఒక్కళ్ళకీ అర్థం కాలేదు.

హోస్ట్: మరి రోజూ ట్రాఫిక్‌లో?

గెస్ట్: ట్రాఫిక్‌లో ఎలక్ట్రిక్కే, అందులో మొహమాటం లేదు. నా ఎడమ మోకాలినడుగు. అసలు గొడవ బరువుతో. చిన్న పెట్రోల్ స్పోర్ట్స్ కారు మజ్దా ఎంఎక్స్-5 దాదాపు టన్ను, అయానిక్ 5 ఎన్ రెండు టన్నుల పైమాటే. గేర్లను సాఫ్ట్‌వేర్‌తో నటించొచ్చు. తేలికదనాన్ని ఎలా నటిస్తావు?

హోస్ట్: టొయోటా వాళ్ళు క్లచ్ కూడా పెట్టి చూశారటగా?

గెస్ట్: అవును, వాళ్ళ లెక్సస్ బ్రాండ్ ఎలక్ట్రిక్ కారు యూఎక్స్ 300ఈ ప్రోటోటైప్‌లో. క్లచ్ పెడల్, గేరు రాడ్ రెండూ ఉంటాయి, వెనక గేర్‌బాక్సే ఉండదు. క్లచ్ సరిగ్గా వదల్లేదనుకో, బండి ఆగిపోతుంది కూడా.

హోస్ట్: కావాలని ఆగిపోయే ఎలక్ట్రిక్ కారా! ఎవరు కొంటారన్నా?

గెస్ట్: అమ్మకానికి పెట్టనీ తమ్ముడూ, లైన్లో మొదట నేనే కనిపిస్తాను.