ఫోన్-ఇన్: ఇంట్లోకి కార్డ్‌లెస్ ఫోను, ఆన్సరింగ్ మెషిన్

(నెల్లూరు కేబుల్ చానెల్‌లో ఆదివారం సాయంత్రం ప్రత్యక్షంగా వచ్చిన కార్యక్రమం. మాట్లాడిన మాటలు మాట్లాడినట్టే రాశాం. మొదటి నిమిషం రికార్డు కాలేదు.)

యాంకర్: ...సార్ టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ట్రంకు రోడ్డు పక్క సందులో ఫోన్లు రిపేరు చేస్తున్నారు. సార్, ఇంకా ల్యాండ్‌లైన్ ఎవరు కొంటున్నారండీ?

నిపుణుడు: కొంటా ఉండారు. పెద్దవాళ్ళుండే ఇళ్ళు, క్లినిక్కులు, లాడ్జీలు, రొయ్యల మేత డీలర్లు. కాల్స్ తీసుకునే ముందు నన్నొక్క ముక్క చెప్పనియ్యండి. కార్డ్‌లెస్ అంటే చేతిలో ఉండేదానికి తీగ లేదు గానీ, కింద స్టాండుకి రెండు తీగలుండాయి. ఒకటి లైనుది, ఒకటి కరెంటుది. కరెంటు పోతే కార్డ్‌లెస్ పోయినట్టే. చేతిదాంట్లో బ్యాటరీ ఉండాది కదా అంటారు. అది దానికే సరిపోతాది, స్టాండుకి రాదు. అందుకని గోడకి ఒక మామూలు తీగ ఫోను ఉండనియ్యండి. వంద రూపాయల పాత ఫోనైనా సరే, పారేయొద్దు.

యాంకర్: సరే సార్. మొదటి కాల్, కావలి నుంచి. చెప్పండి.

కావలి: హలో... హలో సార్...

యాంకర్: టీవీ సౌండు తగ్గించండి.

కావలి: తగ్గించా. సార్, మూడేళ్ళ కిందట కార్డ్‌లెస్ తీసుకున్నాం. ఈ మధ్య రెండు నిమిషాలు మాట్లాడితే కుయ్ కుయ్ అని ఆగిపోతా ఉంది. బ్యాటరీ పోయిందేమోనని టీవీ రిమోట్‌లో వేసే సెల్లులు రెండు వేశా. మొన్న మూత తీస్తే లోపలంతా తెల్లగా పొడి.

నిపుణుడు: వేశావా! నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే పని చేసి తెస్తారు. నాయనా, రిమోట్ సెల్లు వాడి పారేసేది. 1.5 వోల్టులు. దానికి చార్జింగ్ ఎక్కించకూడదు. నువ్వు ఫోను స్టాండు మీద పెట్టినప్పుడల్లా అది తోస్తానే ఉంటాది, సెల్లు ఉబ్బి కారిపోతాది. కార్డ్‌లెస్‌లో వేసేది నికెల్ మెటల్ హైడ్రైడ్, 1.2 వోల్టులు, రీచార్జబుల్ అని దానిమీదే రాసుంటాది. సైజు ఒకటే గదా అని వేస్తే ఇట్టే అవతాది.

కావలి: ఇప్పుడు ఫోను పనికొస్తుందా?

నిపుణుడు: పనికొస్తాదిలే. ఆ పొడి చేత్తో ముట్టుకోవద్దు. ఆల్కలైన్ సెల్లయితే చెవి పుల్లకి దూది చుట్టి, నిమ్మరసంలో ముంచి ఆ రేకుల మీద రుద్దు, పొంగినట్టయి వదులతాది. తడి ఆరినాక కొత్త బ్యాటరీలు వెయ్. మొదటిసారి పుస్తకంలో రాసినన్ని గంటలు స్టాండు మీద నుంచి తీయొద్దు. రెండు మూడేళ్ళకి బ్యాటరీ మార్చేది మామూలే, ఫోను పోయిందనుకోవద్దు.

యాంకర్: థాంక్యూ. తరువాత, బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక అమ్మ.

బుచ్చి: అబ్బయ్యా, నేను బుచ్చి నుంచి మాట్లాడతా ఉండా. వినపడతా ఉండాదా?

నిపుణుడు: వినపడతా ఉండాదమ్మా, చెప్పు.

బుచ్చి: మాది పాత మిద్దె ఇల్లు నాయనా. మా మామగారు కట్టించింది, గోడలు మూరెడు మందం. హాల్లో ఫోను. నేనేమో ఎప్పుడూ పెరట్లో ఉంటా, గేదె ఉండాది. మా ఆయనకి చెవులు ఆనవు. ఫోను మోగి మోగి ఆగిపోతాది. పిల్లోడు మద్రాసు నుంచి, పాప అమెరికా నుంచి చేస్తారు. ఎత్తకపోతే వాళ్ళకి భయం. మొన్న మావాడు పక్కింటోళ్ళకి ఫోన్ చేసి మమ్మల్ని చూసి రమ్మన్నాడంటే చూడు. సెల్లు ఉండాదిగానీ అది బీరువాలో ఉంటాది...

యాంకర్: అమ్మా, ప్రశ్న ఏంటమ్మా?

బుచ్చి: అదే చెప్తా ఉండా. మాటలు పట్టిపెట్టే ఫోనుందంట గదా, అది తీసుకుంటే ఎట్టుంటాదని.

నిపుణుడు: మంచిదమ్మా. నీకు రెండు హ్యాండ్‌సెట్లుండే సెట్టు కావాల. ఆన్సరింగ్ మెషిన్ ఆ స్టాండులోనే కలిసుండేది తీసుకో, విడిగా పెట్టె వద్దు. స్టాండు హాల్లో ఉండాల. రెండోదాన్ని వంటింటి గట్టు మీద పెట్టు. దానికి చిన్న చార్జరే, కరెంటు ప్లగ్గు ఉంటే చాలు.

బుచ్చి: వంటింట్లో ఫోను తీగ లేదే నాయనా.

నిపుణుడు: అక్కర్లేదమ్మా. హాల్లో స్టాండుకే లైను. రెండోది గాల్లోనే దాంతో మాట్లాడుకుంటాది.

బుచ్చి: మరి తీగ లాగమంటే ఎవరన్నా వస్తారా?

నిపుణుడు: (నవ్వుతూ) తీగే వద్దంటున్నా కదమ్మా! వంటింటికి కరెంటు ఒక్కటే. సరేనా? మూరెడు గోడలన్నావు గాబట్టి, స్టాండుని ఇనప బీరువా పక్కన, గచ్చు మూలన పెట్టబాకు. ఎత్తుగా, వాకిలికి ఎదురుగా పెట్టు. డబ్బా మీద 300 మీటర్లని రాసుంటాది, అది మైదానంలో. ఇంట్లో 50 అనుకో, మీ గోడలకి ఇంకా తగ్గుద్ది.

బుచ్చి: సరే. మా పాప మాటలు అందులో పెడితే దానికి డబ్బులు పడతాయా?

నిపుణుడు: పడతాయి. మెషిన్ ఎత్తిందంటే లెక్కకి మనిషి ఎత్తినట్టే. అందుకే ఎన్ని రింగులకి ఎత్తాలో మనమే పెట్టుకోవచ్చు. మీరు పెరట్లోంచి నడిచి రావాల గాబట్టి ఆరు ఏడు రింగులు పెట్టు. రెండు పెట్టావనుకో, నువ్వు గేదె దగ్గర్నుంచి లేచేలోపు మెషిన్ మాట్లాడేస్తాది. ఇంకో మాట, దాంట్లో ముందే రికార్డయి ఉండేది ఇంగ్లీషు గొంతు. మనూరోళ్ళు అది విని ఎవరో దొరసాని కసురుకుంటా ఉండాదని పెట్టేస్తారు. అది తీసేసి నీ గొంతుతో తెలుగులో పెట్టుకో.

బుచ్చి: ఏమని పెట్టేది?

నిపుణుడు: "ఇది ఫలానా వాళ్ళ ఇల్లు. ఇప్పుడు ఫోను దగ్గర లేము. కూ అని వినపడినాక మీ పేరు, పనీ చెప్పండి." అంతే. ఊరికి పోయుండాం, సోమవారం వస్తామని మటుకు పెట్టబాకండి. ఇల్లు ఖాళీగా ఉండాదని దొంగకి మనమే చెప్పినట్టు. ఇది అందరికీ చెప్తా ఉండా.

యాంకర్: మంచి మాట సార్. అమ్మా, థాంక్యూ—

బుచ్చి: ఉండు తల్లీ. కరెంటు పోతే తీగ ఫోను ఉంచుకోమన్నాడు గదా ఆయన. మాకు పోయిన వేసవిలో పాత తీగ తీసేసి సన్న దారం లాంటిది లాగి, గోడకి లైట్లు మినుకు మినుకుమనే డబ్బా పెట్టి పోయినారు. మామూలు ఫోను దానికే తగిలించుండారు. కరెంటు పోతే అదీ మూగబోతా ఉండాది. మరి నువ్వేమో తీగ ఫోను పని చేస్తాదంటివి!

నిపుణుడు: ...అమ్మా, మంచి పని చేశావు అడిగి. నేను చెప్పింది రాగి తీగ లైనుకి. రాగి తీగలో ఎక్స్చేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టులు వస్తాది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది దానివల్లే. మేము తుఫానుల్లో స్తంభాలెక్కి కాపాడింది దాన్నే. మీది ఇప్పుడు ఫైబరు. దాంట్లో వచ్చేది వెలుతురు, కరెంటు కాదు. ఆ డబ్బా మన ఇంటి కరెంటు మీదే బతకతాది. కరెంటు పోతే డబ్బా ఆగె, దానికి తగిలించిన ఏ ఫోనైనా ఆగె.

బుచ్చి: అయితే మాటలు పట్టిపెట్టేది కూడా ఆగిపోతాదా?

నిపుణుడు: ఆగిపోతాది. ఇన్వర్టరు ఉండాదా ఇంట్లో?

బుచ్చి: ఫ్యాన్లకి ఉండాది.

నిపుణుడు: ఆ ప్లగ్గులోకే డబ్బానీ, ఫోను స్టాండునీ రెండింటినీ మార్పించు. రెండూ కలిపి తినేది తక్కువే. ఇన్వర్టరు లేనివాళ్ళకి డబ్బా కోసమని చిన్న యూపీఎస్సులు అమ్ముతారు, చాలావరకు 12 వోల్టులవి. దాంట్లోంచి ఫోను స్టాండుకి ఇవ్వబాకండి. చాలావరకు స్టాండుకి కావాల్సిన వోల్టులు దాంట్లో సగమే, మాడిపోద్ది. పిన్ను పట్టింది గదా అని పెట్టేస్తారు, పట్టినంత మాత్రాన సరిపోదు.

బుచ్చి: సరే నాయనా. పాప మాటలు కరెంటు పోతే చెరిగిపోతాయా?

నిపుణుడు: కొన్ని మోడల్సులో ఉంటాయి, కొన్నిట్లో టైమూ తేదీ పోతాయి. కొనేటప్పుడే షాపులో ప్లగ్గు పీకించి, మళ్ళీ పెట్టించి చూడమ్మా. సిగ్గుపడబాకు. పదో ఇరవయ్యో నిమిషాలే పడతాయి వాటిల్లో. నిండితే కొత్తవి ఎక్కవు. విన్నవి చెరిపేస్తా ఉండాల.

బుచ్చి: చెరిపేసేదా? పాప మాటలు?

నిపుణుడు: ...దాచుకోవాలంటే ముందు సెల్లులోకి పట్టుకో. మీవాడు వచ్చినప్పుడు చేయించుకోమ్మా.

యాంకర్: థాంక్యూ అమ్మా. కందుకూరు నుంచి... హలో? ... లైను కట్టయింది. ఒంగోలు నుంచి చెప్పండి.

ఒంగోలు: సార్ నమస్కారం. మా అబ్బాయి డల్లాస్ నుంచి మూడు హ్యాండ్‌సెట్ల సెట్టు పంపించాడు. ఆన్సరింగ్ మెషిన్ ఉంది, డెక్ట్ 6.0 అని రాసుంది. ప్లగ్గు పిన్నులు చదునుగా ఉన్నాయి. కన్వర్టర్ కొని పెట్టొచ్చా?

నిపుణుడు: పెట్టబాకు. డబ్బాలోంచి తీశావా?

ఒంగోలు: తీశాను, ప్లగ్గు పెట్టలేదు.

నిపుణుడు: బతికిపోయావు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ఎడాప్టర్ మీద 100 నుంచి 240 దాకా అని లేకపోతే పొగే.

ఒంగోలు: స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే?

నిపుణుడు: వోల్టేజీ తీరతాది. గాలి సంగతి తీరదు. డెక్ట్ అంటే కార్డ్‌లెస్ ఫోనూ స్టాండూ గాల్లో మాట్లాడుకునే పద్ధతి. 6.0 అంటే అదేదో కొత్త తరమని కాదు, అక్కడ అమ్మేదానికి పెట్టిన పేరు. ఆ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాయి. మన షాపుల్లో దొరికే డెక్ట్ ఫోన్లు 1880 నుంచి 1900లో. మన దగ్గర 1920 పైన సెల్ ఫోన్లు టవరుతో మాట్లాడే దారి. దాంట్లో దూరితే నీ ఫోను గరగరమంటాది, చుట్టుపక్కల సెల్లులకీ ఇబ్బంది, అనుమతీ లేదు.

ఒంగోలు: చాలా మంచి బ్రాండండీ...

నిపుణుడు: మంచి బ్రాండే. మంచి ఎద్దుని తెచ్చి పడవకి కడతావా? పంపించినాయన మళ్ళీ వచ్చేటప్పుడు తీసుకుపొమ్మను.

యాంకర్: (నవ్వు) చీమకుర్తి నుంచి. కొంచెం త్వరగా చెప్పండి.

చీమకుర్తి: సార్, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ఆఫీసులో స్టాండు, గేటు దగ్గర కాటాలో హ్యాండ్‌సెట్. 150 మీటర్లుంటుంది. మధ్యలో రేకుల షెడ్డు, పలకలు పేర్చి ఉంటాయి.

నిపుణుడు: అందదు. రేకు, రాయి రెండూ ఆపేస్తాయి. రిపీటరు, అంటే మధ్యలో పెట్టి సిగ్నల్‌ని ముందుకు పంపే పెట్టె, అది పట్టే మోడలని డబ్బా మీద ఉంటే అడుగు, లేకపోతే కాటాకి ఇంటర్‌కమ్ తీగే లాగు. షాపువాడితో ముందే మాట్లాడుకో, అందకపోతే తిరిగిస్తానని. రాతి పొడి పడే చోట చార్జరు రేకులు వారానికోసారి తుడవాల.

చీమకుర్తి: సరే సార్, ఇంకొకటి, బిల్లు—

యాంకర్: బిల్లుల సంగతి ఈ కార్యక్రమంలో కాదండీ. థాంక్యూ. మార్కాపురం.

మార్కాపురం: కొత్త ఫోన్లో అందరి నంబర్లూ ఎక్కించుకున్నా. సెల్ నంబర్లు నొక్కితే ఏదో చెప్పి కట్ అవుతుంది సార్. ఎవరు చేసేదీ నంబరు కూడా కనపడటం లేదు.

నిపుణుడు: సెల్ నంబరు ముందు సున్నా వేశావా?

మార్కాపురం: లేదే.

నిపుణుడు: 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్లుకి చేస్తే ముందు సున్నా ఉండాల. నంబర్లన్నీ సున్నాతోనే దాచుకో. రెండోది, పేరూ నంబరూ కనపడాలంటే ఆ సౌకర్యం లైనులో తెరిచుండాల. మీ ఎక్స్చేంజిలో అడుగు. అది తెరిచున్నా రాకపోతే అప్పుడు ఫోను చూపించు. ఫోనుదే తప్పని ముందే షాపువాడి మీద ఎగరబాకు.

యాంకర్: సార్, ఒక నిమిషం ఉంది. ఉరుములప్పుడు...

నిపుణుడు: ఆ, అది అడిగారు బాగుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలూ, తుఫానులూ. ఉరుములు మొదలవగానే లైను పిన్నూ, కరెంటు ప్లగ్గూ రెండూ పీకేయండి. ఒకటే పీకితే రెండోదాంట్లోంచి వస్తాది. నా షాపుకి వచ్చే కాలిపోయిన స్టాండుల్లో ఎక్కువ ఆ నెలల్లోవే. ఉతికిన గుడ్డలు తెస్తారు, ఇది గుర్తుండదు.

యాంకర్: చివరి కాల్. హలో, ఎక్కడి నుంచి?

బుచ్చి: నేనే నాయనా, బుచ్చి.

యాంకర్: అమ్మా, మీరు ఇందాక...

బుచ్చి: ఒక్క ముక్క. ఏమని పెట్టమన్నాడో ఆ మాటలు మళ్ళీ చెప్పమను, మా ఆయన పలక పట్టుకుని కూర్చోనుండాడు.

నిపుణుడు: రాసుకోమనమ్మా. "ఇది ఫలానా వాళ్ళ ఇల్లు..."

బుచ్చి: ఫలానా అనే పెట్టేదా?

నిపుణుడు: మీ ఇంటిపేరు చెప్పుకోమ్మా! "ఇప్పుడు ఫోను దగ్గర లేము. కూ అని..."

బుచ్చి: ఏవండీ, కూ అని.

యాంకర్: సమయం అయిపోయింది సార్, ప్రకటన తరువాత వార్తలు. అందరికీ నమస్కారం.

నిపుణుడు: "...వినపడినాక మీ పేరు, పనీ..."

(ప్రసారం ఇక్కడ ఆగింది.)