చెవులు మూసుకుంటే రావణ కాష్ఠం

కూర్చోండి, కూర్చోండి. నేల మీద కూర్చోలేనివాళ్లు మొహమాటపడకుండా వెనకాల కుర్చీల్లోకి వెళ్లండి, దీనికి పద్మాసనమేమీ అక్కర్లేదు, వెన్ను నిటారుగా ఉంటే చాలు.

చిన్నప్పుడు రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని లోపల హోరు వినడం మీలో చాలామంది చేసే ఉంటారు. అదేంటే అని అడిగితే మా నాయనమ్మ "రావణ కాష్ఠంరా, ఇంకా కాలుతూనే ఉంది" అనేది. నాకు చాలా ఏళ్లు భయం వదల్లేదు! ఇవాళ చెప్పుకునే యోగసాధన, షణ్ముఖీ ముద్ర, మొదలయ్యేది సరిగ్గా ఆ హోరు దగ్గరే.

షణ్ముఖి అంటే ఆరు ముఖాలు: కళ్లు రెండు, చెవులు రెండు, ముక్కు, నోరు. ముక్కు రంధ్రాలు రెండు కదా, ఏడవ్వాలి కదండీ అని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ముక్కుని ఒకటిగా లెక్కేసుకోండి, గొడవ ఉండదు.

బొటనవేలితో చెవి రంధ్రం ముందు చిన్న రెక్కలా ఉంటుంది చూడండి, దాన్ని లోపలికి నొక్కాలి. చూపుడువేళ్లు మూసిన రెప్పల మీద, మధ్యవేళ్లు ముక్కు పక్కల, ఉంగరపు వేళ్లు పైపెదవి మీద, చిటికెన వేళ్లు కింది పెదవి కింద. ముక్కు పూర్తిగా మూసేయకండి, గాలి ఆడనివ్వండి. రెప్పల మీద వేలు ఉండీ లేనట్టు ఉండాలి. కనుగుడ్డు నొక్కితే గుండె వేగం పడిపోతుంది, ఇది డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. గ్లాకోమా ఉన్నవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు, చెవిలో చీము కారుతున్నవాళ్లు ఇవాళ ఊరికే కళ్లు మూసుకుని కూర్చోండి చాలు.

ఇప్పుడు ఆ హోరు సంగతి. కొందరు గురువులు మొదటిరోజే 'అదే అనాహత నాదం', అంటే ఏదీ తగలకుండా లోపల తనంతట తానే మోగే నాదం, అని చెప్పేస్తారు, నాకది నచ్చదు. అందులో చాలా భాగం మన చేతి కండరాల చప్పుడే. బిగుసుకున్న కండరం సన్నగా వణుకుతుంది, ఆ వణుకు బొటనవేలి గుండా చెవిలోకి వస్తుంది. ఇంగ్లండులో వొలాస్టన్ అనే శాస్త్రవేత్త 1809లోనే దీని మీద ఉపన్యాసం ఇచ్చాడు. నమ్మకపోతే చెవులు మూసుకుని పిడికిలి బిగించి చూడండి, మోత పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది.

మరైతే ఇదంతా ఎందుకు అంటారా? అక్కడే అసలు కిటుకు ఉంది. హోరు తగ్గాలంటే చేతులు వదులవ్వాలి, భుజాలు దిగాలి, దవడ సడలాలి, అంటే మీ టెన్షన్ ఎంతుందో మీ చెవే మీకు చెబుతుంది. మోత తగ్గేకొద్దీ దాని వెనక సన్నటి చప్పుళ్లు తేలతాయి, గుండె కొట్టుకోవడం, ఊపిరి, ఇంకా పేరు పెట్టలేనివి. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో నాలుగో అధ్యాయం ఈ వరసే చెబుతుంది: మొదట సముద్రం, మేఘం, భేరి లాంటి పెద్ద మోతలు, తర్వాత శంఖం, గంట, చివరికి చిరుగజ్జెలు, వేణువు, వీణ, తుమ్మెద. నాకు వీణ ఇంతవరకు వినిపించలేదు, దాచుకోవడం దేనికి. కానీ ముతక శబ్దాన్ని వదిలి సన్నదాన్ని వెతుక్కుంటూ పోయే మనసుకి బయట కుక్క మొరిగినా పట్టదు, అది మాత్రం రోజూ చూస్తున్నాను.

యోగసూత్రాలు రాసిన పతంజలి దీన్నే, అంటే ఇంద్రియాలు బయటి సంగతులు వదిలి లోపలికి మళ్లడాన్నే, ప్రత్యాహారం అన్నాడు, యోగానికున్న ఎనిమిది అంగాల్లో ఐదోది. ఇంద్రియాల్ని కొట్టి కట్టేయమని ఆయన అనలేదు, అవి చిత్తాన్ని అనుసరిస్తాయి అన్నాడు. ఆ సూత్రాలకి పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యంలో దానికి తేనెటీగల పోలిక ఉంది, రాజు ఎగిరితే అన్నీ ఎగురుతాయి, వాలితే అన్నీ వాలతాయి. వేళ్లు మూసేది తలుపులనే, ఆ రాజుని కూర్చోబెట్టేది వినడం.

ఐదు నిమిషాలు చాలు. చేతులు లాగేస్తే మోచేతుల కింద దిండు పెట్టుకోండి, తప్పేం లేదు. ఎవరైనా ఆ ఫ్యాను ఆపండి. ఆఁ, బొటనవేళ్లు పైకి తీసుకురండి... మెల్లగా... ముందు కాష్ఠం వినండి.