ప్రాణం నిలిపిన బొచ్చే ప్రాణం మీదికి తెచ్చింది

పిల్లలూ, అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే అయితే.

ఇవాళ చించిల్లా గురించి మాట్లాడుకుందాం. పేరు వింటేనే నవ్వొస్తోంది కదూ? నవ్వండి, పర్లేదు. ఎలుక, ఉడుత, ముళ్లపంది దీనికి దూరపు చుట్టాలు. బరువు అర కిలో అటూ ఇటూ ఉంటుంది. గుండ్రటి పెద్ద చెవులు, బారెడు మీసాలు, గుబురు తోక.

దీని ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. వీటిలో రెండు రకాలున్నాయి. తోక పొడుగున్నది చిలీ దేశంలో మాత్రమే బతుకుతోంది. తోక పొట్టిగా ఉన్నది ఇంకా పై ఎత్తుల్లో, చిలీ, బొలీవియా, అర్జెంటీనా సరిహద్దు కొండల్లో ఉంటుంది. ఎక్కడ చూసినా రాళ్లు, ముళ్ల మొక్కలు. పగలు మాడ్చే ఎండ, రాత్రి వణికించే చలి. వాన ఎప్పుడోగానీ పడదు. మరి ఇంత చిన్న ప్రాణి అక్కడ ఎలా నెగ్గుకొస్తోంది?

బొచ్చుతో! మన తల మీద ఒక్కో కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు వస్తాయి. చించిల్లాకి ఒక్కో కుదురు నుంచి 50, 60 దాకా వస్తాయి. నేల మీద తిరిగే జంతువుల్లో ఇంత ఒత్తయిన బొచ్చు ఇంకోదానికి లేదు. చలి లోపలికి రానే రాదు.

అయితే ఒక చిక్కుంది. అంత బొచ్చు తడిస్తే తొందరగా ఆరదు, చర్మం పాడవుతుంది. అందుకే చించిల్లా నీళ్లతో స్నానం చెయ్యదు. మెత్తటి దుమ్ములో, అగ్నిపర్వతాల బూడిదలో గిరగిరా పొర్లుతుంది. మన పెరట్లో కోళ్లు మట్టిలో పొర్లుతాయి చూడండి, అలాగ. ఆ దుమ్ము వెంట్రుకల మధ్యకి దూరి జిడ్డునీ తేమనీ పీల్చేస్తుంది. లేచి ఒక్కసారి ఒళ్లు దులుపుకుంటే స్నానం అయిపోయినట్టే. ఇంటికెళ్లి మీరు మాత్రం ట్రై చెయ్యకండి, అమ్మ నన్ను తిడుతుంది.

నక్క వచ్చి పట్టుకుందనుకోండి. నోట్లో గుప్పెడు బొచ్చు మిగులుతుంది, చించిల్లా రాళ్ల సందులోకి దూరిపోతుంది! భయమేస్తే పట్టుకున్నచోట బొచ్చు ఊడి వచ్చేస్తుందన్నమాట. కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. గుడ్లగూబలతోనూ టెన్షనే. అందుకే పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక గుంపుగా బయటికొస్తాయి. గడ్డి, గింజలు, చెట్టు బెరడు ముందుకాళ్లతో పట్టుకుని, కూర్చుని కొరుకుతాయి. నీళ్లు దొరక్కపోతే మంచుబిందువులతో, ఆకుల్లోని తేమతో సరిపెట్టుకుంటాయి. పిల్ల తల్లి కడుపులో 111 రోజులుండి, ఒళ్లంతా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. పుట్టిన కాసేపటికే పరుగులు పెడుతుంది.

నక్కని ఏమార్చింది గానీ మనిషిని ఏమార్చలేకపోయింది. ఈ బొచ్చుతో ఒక్క పొడుగు కోటు కుట్టాలంటే వందకి పైగా చించిల్లాలు చావాలి. వేట ఎంత సాగిందంటే, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి కొండలకి కొండలే ఖాళీ అయ్యాయి. 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా కలిసి వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. అయినా దొంగ వేట ఆగలేదు. 1983లో చిలీలోని ఇల్లాపెల్ ఊరి దగ్గర వీటికోసమే ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. ఇప్పటికీ రెండు రకాలూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉన్నాయి.

మరి ఇళ్లల్లో పెంచుకునేవి ఎక్కడివంటారా? 1923లో మథియాస్ చాప్మన్ అనే గని ఇంజనీరు చిలీ నుంచి పదకొండింటిని అమెరికాకి తీసుకెళ్లాడు. ఈనాటి పెంపుడు చించిల్లాలు చాలామటుకు వాటి సంతానమే. ఆయన తీసుకెళ్లింది ముద్దు చెయ్యడానికి కాదు లెండి, బొచ్చు వ్యాపారానికే.

మనమూ పెంచుకుందామా అని ఇందాక ఒక బాబు అడిగాడు. 27, 28 డిగ్రీలు దాటితేనే వీటికి వడదెబ్బ ముప్పు. ఆ బొచ్చుకోటు విప్పుకోలేవు, చెమటా పట్టదు. మన రెంటచింతల, రామగుండం ఎండల్లో దాన్ని ఊహించుకోండి నాన్నా. రోజంతా ఏసీ వేసి ఉంచాలి, కరెంటు పోతే దాని పని అంతే. వద్దు.

ఇక మీ ప్రశ్నలు. ముందు వరసలో చెయ్యెత్తిన పాపా, నువ్వు అడుగమ్మా.