క్విజ్ కార్డు మీద నాలుగో వరుస

శ్రోతలందరికీ నమస్కారం.

విజయవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాఠశాల విద్యార్థులకు జనరల్ నాలెడ్జ్ క్విజ్ పోటీలు నిర్వహించడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. ఇంటికి వచ్చిన శుభలేఖలను పారేయకుండా దాచి, వాటి వెనుక ఉన్న తెల్లని భాగాన్ని అరచేతిలో ఇమిడేంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రశ్న రాసుకుంటాను. కొన్నింటి మూలల్లో పసుపు ఇంకా కనిపిస్తుంది. చరిత్ర ఒక కట్ట, సినిమా ఒక కట్ట, భూగోళం ఒక కట్ట, సాహిత్యమూ కళలూ కలిపి మరో కట్ట. అన్నీ రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. ఒకప్పుడు ఒక్కో కార్డు మీద మూడు వరుసలే ఉండేవి: ప్రశ్న, జవాబు, దానికి ఇచ్చే మార్కులు. వాటికి నాలుగో వరుస ఎలా వచ్చి చేరిందో ఈ కొద్ది నిమిషాల్లో మీకు చెబుతాను.

కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక పాఠశాలలో చివరి రౌండు ముగిసేసరికి రెండు జట్లు సమానంగా నిలిచాయి. టై బ్రేకర్ కోసం సినిమా కట్టలోంచి ఒక కార్డు తీసి, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరంలో విడుదలైందని అడిగాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ముందుగా బజర్ నొక్కి 1932 అని చెప్పింది. నా కార్డు మీద 1931 అని ఉంది. తప్పన్నాను. అవతలి జట్టు 1931 అని చెప్పడంతో కప్పు వారికి దక్కింది. అందరూ వెళ్లిపోతుండగా ఆ అమ్మాయి వేదిక దగ్గరకు వచ్చి, “మాస్టారూ, మా తాతయ్య పేపర్లోంచి కత్తిరించి దాచిన వ్యాసంలో 1932 అనే ఉందండీ. మీ కార్డు మీదది ఎవరు చెప్పారండీ?” అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సంవత్సరాన్ని నేను ఏదో పోటీ పరీక్షల పుస్తకంలోంచి దించుకున్నాను. ఆ పుస్తకం రాసినవారు మరో పుస్తకంలోంచి దించుకుని ఉంటారు.

ఇంటికి వచ్చి వెతికితే ఆ అమ్మాయి చెప్పిందే నిజమని తేలింది. హిందీలో తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న విడుదలైంది. ‘భక్త ప్రహ్లాద’ అదే ఏడాది సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు పుస్తకాలు రాస్తూ వచ్చాయి, మనమూ ఆ తేదీనే తెలుగు సినిమా పుట్టినరోజుగా చెప్పుకుంటూ వచ్చాం. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ పాత ఆధారాలన్నీ గాలించి, ఆ చిత్రానికి సెన్సారు ధ్రువపత్రం 1932 జనవరి 22న అందిందనీ, అది ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదలైందనీ వెలికితీశారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి అన్నదీ, సురభి నాటక సమాజపు నటీనటులు అందులో నటించారన్నదీ మారలేదు. అయితే తేదీ మారేసరికి వరుస మారింది. అదే దర్శకుడు తీసిన తమిళ ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న విడుదలైంది కనుక, మన టాకీ దానికి ముందు వచ్చిందనుకున్నది కాస్తా దాని తరువాతి స్థానానికి జరిగింది. అన్ని పుస్తకాలూ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది అన్ని సాక్ష్యాలతో సమానం కాదని, అవన్నీ ఒకే సాక్ష్యానికి నకళ్లు కావచ్చని నాకు ఆనాడు తెలిసివచ్చింది.

ప్రశ్నలతో ఆడుకోవడం తెలుగువారు ఎరువు తెచ్చుకున్న విద్య కాదు. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు” అని అమ్మమ్మ పొడుపు కథ వేస్తే, కనురెప్పలని విప్పి పెరిగినవాళ్లం. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన పుణ్యమా అని యక్షుడి ప్రశ్నలు మనకు తెలుగులోనే దొరికాయి. గాలికంటే వేగమైనది మనస్సు అని ధర్మరాజు చెప్పిన జవాబు ఈనాటికీ నోటి మాటగా వినిపిస్తుంది. అష్టావధానంలో మనం అవధానినే మెచ్చుకుంటాం కానీ, ఎదుట కూర్చుని ప్రశ్నలు వేసే పృచ్ఛకుడికీ పాండిత్యం ఉండాలి. తానిచ్చే సమస్య పూరణకు లొంగేదో కాదో అతనికి ముందే తెలియాలి. క్విజ్ మాస్టరు కూర్చునేది ఆ పృచ్ఛకుడి స్థానంలోనే. రేడియోలో అయితే ఈ బాధ్యత రెట్టింపవుతుంది. బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్‌ను హమీద్ సయానీ, 1975లో ఆయన మరణించాక తమ్ముడు అమీన్ సయానీ ఇదే మాధ్యమంలో నడిపించారు. తెర మీద అక్షరాలు కనిపించని చోట, ఒక్కసారి చెవిన పడగానే అర్థమయ్యేలా ప్రశ్నను కూర్చాలి.

మన ప్రకాశం బ్యారేజీనే తీసుకుందాం. ‘కృష్ణానది మీద ఆనకట్ట కట్టింది ఎవరు?’ అన్న కార్డు నా డబ్బాలో చాలాకాలం ఉంది. పిల్లలు తడుముకోకుండా కాటన్ దొర అనేవారు, నేనూ మార్కులు వేసేవాణ్ని. సర్ ఆర్థర్ కాటన్ దగ్గరుండి కట్టించినది 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, అది గోదావరి మీద ఉంది. బెజవాడ దగ్గర 1852 నుంచి 1855 వరకు సాగిన ఆనకట్ట నిర్మాణానికి ప్రోద్బలం కాటన్‌దే అయినా, పనిని నడిపించినది కెప్టెన్ ఛార్లెస్ ఓర్. అది సుమారు నూరేళ్లు పొలాలకు నీరందించాక, 1954లో ప్రారంభించి 1957లో పూర్తిచేసిన బ్యారేజీకి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మనం సీతానగరం వైపు వెళ్తూ దాటే 70 గేట్ల కట్టడం, కాటన్ కాలపు ఆనకట్ట ఒకటి కాదు. ప్రశ్నలో ‘ఆనకట్ట’ అన్నామా, ‘బ్యారేజీ’ అన్నామా అన్నదాన్ని బట్టి జవాబు ఒక శతాబ్దం అటూ ఇటూ అవుతుంది.

జాతీయ పతాక రూపకర్త ఎవరంటే పింగళి వెంకయ్య అని చెప్పలేని పిల్లలు ఇక్కడ ఉండరు, కాబట్టి ఆ విషయంలో అడగడానికి ఇంకేమీ లేదని అనుకుంటాం. ఎంతో ఉంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఈ బెజవాడలో జరిగినప్పుడు, భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్యగారు గాంధీజీకి ఒక నమూనా అందించారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు, వాటి మీద రాట్నం ఉన్నాయి. గాంధీజీ సూచన మీద తెలుపు చేరింది. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకాన్ని కాంగ్రెస్ ఆమోదించినప్పుడు కూడా నడుమ రాట్నమే ఉంది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకంలోనే 24 ఆకుల అశోక చక్రం వచ్చింది. అందుకని ఇప్పుడు నేను, ‘1921లో బెజవాడలో గాంధీజీ చేతికి వచ్చిన పతాకం నడుమ ఏముంది?’ అని అడుగుతున్నాను. పేరు బట్టీపట్టినవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగిన క్షణంలో పతాకం వారి కళ్ల ముందు కదులుతుంది. నాకు కావలసింది అదే.

గుంటూరులో జరిగిన ఒక పోటీలో అమరావతి స్తూప శిల్పాలు ఏ మ్యూజియంలో ఉన్నాయని అడిగాను. కార్డు మీద లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం అని రాసి ఉంది. ఒక బాబు చెన్నై అన్నాడు, మరొకరు అమరావతిలోనే ఉన్నాయన్నారు. ఈసారి తొందరపడలేదు, ఇద్దరికీ మార్కులు ఇచ్చాను, ఎందుకంటే మూడు చోట్లా ఉన్నాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణానికి అక్కడి రాళ్లు తరలుతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడినుంచి ఓడల మీద లండన్‌కు చేరాయి. చెన్నైలో ఉన్న ఒక గుండ్రటి ఫలకాన్ని వీలైతే మీరు తప్పక చూడండి. దాని ఎడమ పక్క మదించిన నలగిరి ఏనుగు వీధిలో మనుషులను విసిరికొడుతూ ఉంటుంది. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు వంగి ఉంటుంది. పై కిటికీల్లోంచి స్త్రీలు తొంగి చూస్తుంటారు. ముందు జరిగినదాన్నీ తరువాత జరిగినదాన్నీ పలనాటి సున్నపురాయి పలక ఒక్కదాని మీదనే ఆ శిల్పి ఇమిడ్చాడు. ‘ఏ మ్యూజియం’ అని మాత్రమే అడిగి ఊరుకుంటే ఆ శిల్పికి అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది.

గుంటూరు పేరు మరో ప్రశ్నలోనూ రావాలి. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు అని అందరూ చెబుతారు. హైకోర్టు 1954 నుంచి గుంటూరులో పనిచేసిందని చెప్పేవారు తక్కువ. రాజధాని, హైకోర్టు వేర్వేరు చోట్ల ఎందుకున్నాయని పిల్లలు అడిగితే, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన, ఆ రెండూ చెరో ప్రాంతంలో ఉండాలన్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా వెళ్లవచ్చు.

భూగోళం కట్టను నేను తరచూ తిరగరాయవలసి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ ఒక్క రోజుతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, అమరావతి స్తూపం పల్నాడు జిల్లాలోకి, భట్టిప్రోలు స్తూపం బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొని చదువుకునే పిల్లలు ఈ మూడింటికీ పాత జవాబులే చెబుతారు. అది వారి తప్పు కాదు. ప్రశ్నలో సంవత్సరం చేరిస్తే చాలు, పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ రెండూ నిజమే చెబుతాయి.

ఇక నాలుగో వరుస. జవాబు ఎక్కడ చూశాను, ఏ తేదీన సరిచూశాను అన్నది ఇప్పుడు ప్రతి కార్డు మీదా అడుగున రాస్తున్నాను. ఆధారం దొరకని ప్రశ్న ఎంత అందంగా ఉన్నా డబ్బాలోకి వెళ్లదు. ఆ పోటీ జరిగిన తరువాతి సోమవారం నేను మళ్లీ ఆ పాఠశాలకు వెళ్లి, ఉదయం ప్రార్థన సమయంలో అందరి ముందు సరైన జవాబు చెప్పాను. కప్పు గెలిచిన జట్టు నాయకుడు తానే నడుచుకుంటూ వెళ్లి ఆ అమ్మాయి చేతికి కప్పు ఇచ్చాడు. ఆ పిల్లలిద్దరూ దాన్ని చెరో పిడి పట్టుకుని నిలబడ్డారు. ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. దాని మీద 1931ని ఒక గీతతో కొట్టివేసి పక్కన 1932 అని రాశాను. అడుగున, నాలుగో వరుసలో, ‘తొమ్మిదో తరగతి విద్యార్థిని తాతయ్యగారు దాచిన పేపరు ముక్క’ అని ఉంది.

సెలవు. నమస్కారం.