మతిమరుపుని వయసు ఖాతాలో వేసేయకండి

అందరికీ నమస్కారమండి. షుగర్ అనగానే మనవాళ్ళు కళ్ళు, కిడ్నీలు, అరికాళ్ళ మంటలు అంటారు, మతిమరుపు మాత్రం "అరవై దాటాయి కదా, ఆమాత్రం మర్చిపోరా ఏంటి" అని వదిలేస్తారు. నా గొడవంతా ఆ మాటతోనే.

మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉంటుంది గానీ ఊరికే కూర్చున్నా మనకొచ్చే శక్తిలో దాదాపు 20 శాతం అదే లాగేస్తుంది. దానికి రక్తం మోసే సన్నటి నాళాలు ఏళ్ళ తరబడి షుగరూ బీపీ ఎక్కువుంటే గట్టిపడి పూడుకుపోతాయి, పెద్ద స్ట్రోక్ ఏమీ రాకుండానే లోపల అక్కడక్కడా చిన్న చిన్న దెబ్బలు తగుల్తుంటాయి, మనిషికి తెలీను కూడా తెలీదు, ఎప్పుడో ఎమ్మారై తీస్తే బయటపడతాయి. ఇంకో సంగతి ఇన్సులిన్. మెదడులో కొత్త జ్ఞాపకాలు తయారయ్యే హిప్పోక్యాంపస్ అనే చోట ఇన్సులిన్ రిసెప్టర్లు, అంటే ఇన్సులిన్ వచ్చి అతుక్కునే తలుపుల్లాంటివి, బాగా ఉంటాయి, షుగర్ వచ్చినోళ్ళ ఒంట్లో కణాలు ఇన్సులిన్ మాట విననట్టే అక్కడి కణాలూ వినకుండా పోవచ్చు. ఇదంతా చూసే 2005లో అమెరికా పరిశోధకులు కొందరు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకి టైప్ 3 డయాబెటిస్ అని పేరు పెట్టారు, నాకైతే అది కాస్త ఓవర్ అనిపిస్తుంది, షుగర్ ఉన్నోళ్ళందరికీ అల్జీమర్స్ రాదు, అల్జీమర్స్ వచ్చినోళ్ళందరికీ షుగర్ ఉండదు.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ వాళ్ళు డిమెన్షియాకి (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) మన చేతిలో ఉన్న కారణాలు 14 అని లెక్కేశారు. షుగర్, బీపీ, ఊబకాయం, చెడు కొలెస్ట్రాల్ నాలుగూ అందులో ఉన్నాయి, వీటిని పట్టించుకోవాల్సింది నడివయసులోనే. ఆ వయసులో మనం ఈఎంఐల హడావిడిలో ఉంటాం, టెస్టులెక్కడ!

ఇక కంచం సంగతి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న మన ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో ఏం చెప్పారంటే ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని. మనం పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అంటాం, అన్నం ఒక్కటే మూడు వేషాలేసుకొస్తుంది, పప్పూ కూరా నంజుకోడానికే. అన్నం మానేయమనట్లేదండి బాబూ, కూర ఎక్కువ, అన్నం తక్కువ, అంతే.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. దానివల్ల కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది, పైగా శాకాహారులైతే మరీను, అప్పుడు మతిమరుపు, తిమ్మిర్లు వస్తాయి. అల్జీమర్స్ అని భయపడే ముందు బీ12, థైరాయిడ్ టెస్టులు చేయించమని డాక్టర్‌ని అడగండి, అవి తొందరగా పట్టుకుంటే మందుతో సర్దుకునేవే.