కుంటు తగ్గిన రోజే జాగ్రత్త

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే కాజీపేట నుంచి, మామునూరు నుంచి, కొందరు జనగామ నుంచి కూడా కుక్కల్ని వెంటబెట్టుకుని హన్మకొండ దాకా వచ్చారు. చాలా సంతోషం. ఇవాళ కుక్కల మోకాలి జబ్బు గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ కుక్క వెనక కాలి మోకాలు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి. చూశారా, సగం మంది కింద వెనక్కి వంగి ఉన్న కీలు పట్టుకున్నారు. అది మడమ. మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన చర్మం ముడత దగ్గర ఉంటుంది. అందుకే అక్కడ వాపు వచ్చినా మన కంట పడదు.

ఆ మోకాలి లోపల రెండు లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే తాళ్లలాంటివి, ఎక్స్ ఆకారంలో ఒకదాన్నొకటి దాటుతాయి. కుక్కల్లో ఎక్కువగా తెగేది ముందున్నది. ఆటగాళ్లకు ఏసీఎల్ తెగిందని వింటుంటాం, అదే ఇది. కాకపోతే మనుషులకు చాలావరకు ఒక్క దెబ్బతో తెగుతుంది. కుక్కకు పాత చేదతాడులా పోగు పోగుగా, నెలల తరబడి అరుగుతూ వస్తుంది. "డాక్టర్ సాబ్, నిన్న మెట్లు దిగుతుంటే బెణికింది" అంటారు. నిన్న తెగింది చివరి పోగు. ఒక కాలికి ఇలా అయిన కుక్కల్లో దాదాపు సగం, ఏడాది రెండేళ్లలో రెండో కాలితోనూ మా దగ్గరికి రావడానికి కారణం ఇదే.

కాబట్టి ముందే గమనించండి. కూర్చున్నప్పుడు కాలు మడవకుండా పక్కకు చాపుతోందా? నిలబడ్డప్పుడు ఒక పంజాను వేళ్ల కొనల మీదే ఆనిస్తోందా? స్నానం చేయించాక తడి కాళ్లతో టైల్స్ మీద నడవనివ్వండి. మూడు అచ్చులు నిండుగా పడి, నాలుగోది రెండు వేళ్ల చుక్కలే పడితే ఆ రోజే తీసుకురండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. మీ ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు దానికి వెయ్యకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. కుక్కల నొప్పికి వేరే మందులున్నాయి, బరువు చూసి ఇస్తాం.

ఇక ఆపరేషన్. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం చదునుగా ఉండదు, వెనక్కి సుమారు 25 డిగ్రీలు వాలి ఉంటుంది. బరువు మోపినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద జారబోతుంది, లిగమెంట్ పట్టి ఆపుతుంది. టీపీఎల్‌ఓ అనే ఆపరేషన్‌లో ఆ కింది ఎముకను గుండ్రంగా కోసి, తిప్పి, వాలును 5 డిగ్రీల దగ్గరికి తెచ్చి ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. అమెరికా పశువైద్యుడు బార్‌క్లే స్లోకమ్ 1993లో ప్రకటించిన పద్ధతి ఇది. తెగిన లిగమెంట్‌ను కుట్టరు, దాని అవసరమే లేకుండా చేస్తారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే ఆలోచన. చిన్న కుక్కలకు కీలు బయటి నుంచి గట్టి నైలాన్ దారం వేస్తారు. 15 కిలోల లోపువి కొన్ని విశ్రాంతితోనే కోలుకుంటాయి. పెద్ద లాబ్రడార్లు, రాట్‌వీలర్లకు మాత్రం నేను ఆపరేషనే మంచిదంటాను.

బ్రూనో సంగతి చెప్పాలి. కాజీపేట లాబ్రడార్, 42 కిలోలు. దసరా మర్నాడు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. పది రోజులకే పాదం కింద పెట్టింది. పదిహేను రోజులకు కుంటు కనిపించనంత తగ్గింది. ఇంట్లోవాళ్లకు ఎంత సంతోషమో! పాపం, కట్టేసి ఉంచడం ఎందుకని పట్టా తీసేశారు. దీపావళి రాత్రి పక్క సందులో బాంబు పేలింది. అది బెదిరి అరుగు మీది నుంచి దూకింది. ఎక్స్‌రేలో ప్లేటు పక్కకు ఒరిగి ఉంది, రెండు స్క్రూలు ఊడి వచ్చాయి. మళ్లీ ఆపరేషన్. పండగ వస్తోందని ముందే హెచ్చరించాల్సింది నేను. ఆ తప్పు నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నొప్పి తగ్గినంత తొందరగా ఎముక అతకదు. దానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కావాలి. ఎనిమిదో వారం ఎక్స్‌రే చూసేదాకా పరుగు, మెట్లు, సోఫా ఎక్కడం ఏవీ వద్దు. మొదటి మూడు రోజులు బట్టలో చుట్టిన ఐస్ పది నిమిషాల చొప్పున పెట్టండి. ఒంటికి పోయించడానికి బయటికి తీసుకెళ్లేటప్పుడు పొట్ట కింద టవల్ వేసి పైకి పట్టుకోండి. తర్వాత పట్టాతో ఐదు నిమిషాల నడక, డాక్టర్ చెప్పినట్టు వారం వారం కొంచెం పెంచుతూ. నెమ్మదిగా నడిస్తేనే అది ఆ కాలు వాడుతుంది, తొందరపెడితే మూడు కాళ్లతో గెంతుతుంది. నున్నటి టైల్స్ మీద జారని రబ్బరు మ్యాట్లు పరవండి.

బరువు గురించి చెప్తే కొందరికి కోపం వస్తుంది. ఆదివారం మటన్ బొక్కలు, మూడు పూటలా పెరుగన్నం పెట్టేది ప్రేమతోనే, నాకు తెలుసు. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 48 లాబ్రడార్లను ఎనిమిది వారాల వయసు నుంచీ జీవితాంతం చూశారు. పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. బ్రూనోను రెండో ఆపరేషన్ తర్వాత ఆరు నెలల్లో 34 కిలోలకు తెచ్చారు. తడి టైల్స్ మీద నాలుగు నిండు అచ్చులు ఫోటో తీసి పంపారు. రెండో మోకాలు ఇప్పటిదాకా బాగుంది.

వరండాలో బరువు చూసే మిషన్ పెట్టించాను. ఒక్కొక్కరే తీసుకురండి. బరువు రాసుకుందాం, మోకాలు ఎక్కడుందో మీ చేత్తోనే పట్టి చూపిస్తాను.